బాపు 'వెండిఖని' అని పేరు పెట్టిన ఊరు

మా బాపుకు ఎనభై నాలుగేండ్లు. బొగ్గుబాయి నుంచి రిటైరై ఇరవై నాలుగేండ్లయింది. అయినా రోజూ పొద్దున నాలుగున్నరకు ఆయన మంచం కిర్రుమంటుంది. హన్మకొండలో మా గల్లీలోకి ఆ వేళకు పాలబండి కూడా రాదు. లేచి మొహం కడుక్కుంటాడు, వాకిట్లో కుర్చీ వేసుకుంటాడు, ఇక చీకట్లోకి చూస్తూ కూర్చుంటాడు. ఇంత పొద్దుగాల ఎందుకు బాపూ అంటే ఒకటే మాట.

"సైరన్ కొట్టే యాళ్ళయింది గద బిడ్డా."

ఇక్కడ సైరన్ లేదు. ఆ సైరన్ బెల్లంపల్లిది. నేను పుట్టి పెరిగిన ఊరు. మా చిన్నప్పుడు గడియారం ఉన్న ఇండ్లు తక్కువే, ఊరంతా సైరన్‌ను పట్టుకుని నడిచేది. దాని కూతకు అమ్మ బొగ్గుపొయ్యి రాజేసేది, సద్ది గిన్నె కట్టేది. దాని కూతకే మేం పుస్తకాల సంచి సర్దుకునేవాళ్ళం. ఫస్ట్ షిఫ్టు పోయేవాళ్ళు, నైట్ షిఫ్టు దిగివచ్చేవాళ్ళు క్వార్టర్ల మధ్య రోడ్డు మీద ఎదురుపడేవాళ్ళు. ఒకరి మొహం తెల్లగా, ఒకరి మొహం నల్లగా. వేళ కాని వేళ సైరన్ మోగితే మాత్రం ఆడవాళ్ళంతా పని వదిలేసి వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్ళు. ఎవరూ ఎవరితో మాట్లాడేవాళ్ళు కాదు. ఎవరింటివైపు సైకిల్ వస్తుందోనని చూసేవాళ్ళు.

పోయిన సెప్టెంబరులో సైరన్‌కు ముత్తాత లాంటి చప్పుడొకటి విన్నాను. స్లోవాకియా దేశంలో, కొండల మధ్య ఒక చిన్న ఊర్లో. ఆ ఊరి సంగతి రాయాలని అప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాను.

మా వాడు నిత్రా అనే పట్టణంలో కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. నేను భౌతికశాస్త్రం టీచరుగా రిటైరయ్యాక, రమ్మని రమ్మని అడిగితే వెళ్ళాను. హైదరాబాదు నుంచి వియన్నా దాకా విమానం, అక్కడి నుంచి వాడి కారు. కోడలు ఫోనులో మ్యాపు తీసి, అత్తమ్మా వియన్నా చూద్దామా, బుడాపెస్ట్ చూద్దామా అని అడుగుతుంటే నాకు ఒక పేరు కనబడింది. బాన్‌స్కా ష్టియావ్నిత్సా. బాన్‌స్కా అంటే ఏందిరా అన్నాను. "గనుల అని అర్థమమ్మా" అన్నాడు. మన గోదావరిఖని, శాంతిఖనిలో చివర ఉండే ఖని, వాళ్ళ దగ్గర ముందుకొచ్చి కూర్చుందన్నమాట. ఇక వేరే ఊరు అడగలేదు.

ఆ రాత్రి బాపుకు ఫోన్ చేసి చెప్పాను.

"ఏం ఖని? బొగ్గా?"

"వెండి బాపూ. కొంచెం బంగారం కూడా."

"అయితే వెండిఖని అన్నట్టు."

అంతే. ఆ పేరు నోరు తిరగక కాదు, ఆయనకు బాయి ఉన్న ఊరంటే ఖనే. ఇప్పటికీ మా ఇంట్లో దాని పేరు వెండిఖని.

నిత్రా నుంచి గంటన్నర ప్రయాణం. ఎప్పుడో లక్షల ఏండ్ల కింద చల్లారిపోయిన పెద్ద అగ్నిపర్వతం నోట్లో ఉంటుంది ఆ ఊరు. చుట్టూ అడవి కమ్మిన కొండలు, వాటి వాలు మీద ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కినట్టు ఇండ్లు. సమంగా ఉన్న వీధి ఒక్కటి కనబడలేదు. మోకాళ్ళ నొప్పులున్న నేను ప్రతి మలుపు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటే, కర్ర పట్టుకున్న ముసలమ్మలు కూరగాయల సంచులతో నన్ను దాటిపోయారు. జనాభా 10,000 అటూ ఇటూ. మన పరకాలకంటే చిన్న ఊరు. కానీ 18వ శతాబ్దంలో హంగరీ రాజ్యం మొత్తంలో ఇది మూడో పెద్ద పట్టణం. జర్మన్లు దీన్ని షెమ్నిట్స్ అన్నారు, హంగేరియన్లు షెల్మెట్స్‌బాన్యా అన్నారు. 13వ శతాబ్దం నుంచే గని పని తెలిసిన జర్మన్లు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మనదగ్గర ఇల్లందు పక్కన సింగరేణి ఊర్లో బొగ్గు జాడ దొరికింది 1871లో. అంటే ఆ ఊరు మనకంటే ఆరు వందల ఏండ్ల ముందు నుంచే భూమి కిందికి దిగుతోంది.

ఊరు పుట్టిన కథ ఒకటి అందరూ చెబుతారు. ఒక గొర్లకాపరి రాయి ఎత్తితే కింద రెండు బల్లులు కనబడ్డాయట. ఒకదాని వీపు మీద బంగారు పొడి, ఇంకోదాని వీపు మీద వెండి పొడి. అవి దూరిన చోట తవ్వితే ఖనిజం దొరికిందట.

మొదటి రోజు పొద్దున, బసకు దిగిన ఇంటి నుంచి కిందికి నడుస్తుంటే ఆ చప్పుడు వినబడింది. గంట కాదు, డప్పు కాదు. ఎండిన కట్టె మీద కట్టెతో కొడితే వచ్చే చప్పుడు. టక్, టక్, టకటక్. ఒక్కో దెబ్బ ఎదుటి కొండకు తగిలి మళ్ళీ వస్తోంది. ఎక్కడిదని తలెత్తి చూస్తే వీధి మలుపులో చిన్న బురుజున్న పాత ఇల్లు. దాని పేరు క్లోపాచ్కా. క్లోపాత్ అంటే వాళ్ళ భాషలో తట్టడం. తలుపు తట్టినట్టు ఊరిని తట్టే ఇల్లు. 1681లో కట్టారు. పైన బురుజులో ఒక కొయ్య పలక, దాన్ని కొట్టడానికి కొయ్య సుత్తులు. తెల్లవారకముందే అక్కడ కొడితే గని పనివాళ్ళు లేచి, దీపం పట్టుకుని బయలుదేరేవాళ్ళు. గనిలో పనిచేసినవాడు చనిపోతే సాగనంపడానికి కూడా అదే కొయ్య మోగేది. అందరినీ ఒకచోటికి పిలవాలన్నా అదే. కింది భాగంలో ఒకప్పుడు తప్పుచేసిన పనివాళ్ళను బంధించే గది ఉండేదట, ఇప్పుడు చాయ్ హోటల్ ఉంది.

నేను ఆ రాతి మెట్ల మీదే కూర్చుండిపోయాను. కోడలు కంగారుపడి, కళ్ళు తిరిగాయా అత్తమ్మా అంది. కళ్ళు తిరగలేదు. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని నిప్పు ఊదుతున్నట్టు కనబడింది. ఫోన్ తీసి ఆ చప్పుడును రికార్డు చేశాను. చివరి పది, పదిహేను దెబ్బలే దొరికాయి.

మరునాడు గనిలోకి దిగాం. ఊరి బయట పాత గనినే మ్యూజియంగా ఉంచారు. ఒక పొడుగాటి కోటు, టోపీ, చేతికో దీపం ఇస్తారు. మాకు దారి చూపిన పెద్దమనిషి ఆ గనుల్లోనే పనిచేసినవాడు, అరవై ఐదు పైన ఉంటాయి. లోపలికి అడుగుపెట్టేముందు మమ్మల్ని ఆపి "జ్దార్ బోహ్" అన్నాడు. దేవుడు పని సవ్యంగా జరిపించుగాక అని. గని పనివాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే పలకరింపు అది. ఊర్లో బేకరీలో కూడా ఆ మాట విన్నాను. బెల్లంపల్లిలో బాయి నోటి దగ్గర మైసమ్మకు దండం పెట్టకుండా బాపు ఏనాడూ దిగలేదు. వీళ్ళకు బార్బరా అనే దేవత. లోపల గోడలో గూడు చేసి ఆమె బొమ్మ పెట్టారు, ముందర చిన్న దీపం.

లోపల చలి. పైనుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు. చిన్నప్పుడు బాపు చెప్పగా ఊహించుకున్న బాయికి, దీనికి తేడా ఉంది. అది నల్లగా, వెడల్పుగా, స్తంభాలు విడిచి తవ్విన పొరలా ఉండేది. ఇది రాతిలో మనిషి భుజాలంత వెడల్పున తొలిచిన సందు. గోడ మీద వేళ్ళు పెడితే ఉలి గాట్లు తగులుతాయి. ఒక మనిషి రోజంతా కొడితే వేళ్ళ మందాన ముందుకు జరిగేవాడని ఆయన చెబుతుంటే నా చేయి ఆ గాట్ల మీద నుంచి రాలేదు. ఉలి పనిచేయని చోట రాతికి మంటపెట్టి కాల్చి, వేడెక్కాక నీళ్ళు చల్లి పగలగొట్టేవాళ్ళట.

అక్కడ నేను చేసిన ఒక పని గురించి చెప్పాలి. దారిలో కర్రల ఆసరా ఉన్న చోట, నాకు తెలియకుండానే చేతిలోని గొడుగు పిడితో పైకప్పును రెండుసార్లు తట్టాను. బాపు ఇంట్లో కూడా అదే అలవాటు. కొత్త ఇంట్లో అడుగుపెడితే మొదట కర్రతో స్లాబును తట్టేవాడు. బాయిలో కప్పును కర్రతో తట్టి వినాలి. గట్టిగా గల్లుమంటే మంచిది, డొల్లగా మోగితే కింద నిలబడొద్దు. నేను తట్టగానే ఆ పెద్దమనిషి ఆగాడు. వెనక్కి తిరిగి నా వైపే చూసి ఏదో అడిగాడు. మా వాడు తెలుగులో చెప్పాడు: "నీకు ఇది ఎవరు నేర్పిన్రు అంటున్నడమ్మా."

మా నాన్న అన్నాను. బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్, అంటే మందు పెట్టి బొగ్గును పేల్చేవాడు అన్నాను. మా వాడు ఆ మాటను వాళ్ళ భాషలో ఎట్లా చెప్పాడో గానీ, ఆయన తన టోపీ తీసి, నా చేయి పట్టుకుని ఊపాడు. మిగతావాళ్ళను అక్కడే నిలబెట్టి ఆయన కూడా తన గొడ్డలి కామతో కప్పును తట్టాడు. ఇద్దరం విన్నాం. గల్లుమంది.

షాట్‌ఫైరర్ అని తెలిశాక ఆయన ఒక సంగతి చెప్పాడు. అది వినడానికే నన్ను ఈ దేశం తీసుకొచ్చినట్టనిపించింది. 1627 ఫిబ్రవరి 8న ఈ ఊరి గనుల్లోనే, టిరోల్ అనే ప్రాంతం నుంచి వచ్చిన కాస్పర్ వైండ్ల్ అనే ఆయన రాతికి కన్నం వేసి, తుపాకిమందు దట్టించి పేల్చాడు. అప్పటిదాకా మందు ఎక్కువగా యుద్ధానికే. గనిలో రాతిని మందుతో పేల్చినట్టు కాగితం మీద రుజువున్న మొట్టమొదటి సంఘటనగా దీన్నే చెబుతారు. మా బాపు ముప్పై ఏండ్లకు పైగా చేసిన పని, రోజూ భుజాన మందు పెట్టె వేసుకుని, బొగ్గు ముఖానికి వేసిన కన్నాల్లో మందు కూర్చి, మట్టి ముద్దలతో మూసి, గ్యాసు చూసి, మనుషులందరినీ పక్కకు పంపి చేసిన పని, ఆ ఊర్లో మొదలైంది.

ఆ ఊరి చెరువుల సంగతి ఇంకా పెద్దది. వరంగల్ మనిషి చెరువుల గురించి రాయకుండా ఉండలేదు.

గని లోతుకు పోయేకొద్దీ నీళ్ళు ఊరతాయి. ఆ నీటిని తోడకపోతే గని మునుగుతుంది. మన బాయిల్లో సంపులు, పంపులు, పంప్ ఖలాసీలు అందుకే. కానీ కరెంటు లేని రోజుల్లో? గుర్రాలతో తిప్పించారు, మనుషులు వరుసగా నిలబడి తోలు సంచులతో అందించారు. 18వ శతాబ్దం మొదట్లో ఆ ఖర్చు భరించలేక గనులే మూసేద్దామనే దాకా వచ్చింది. అప్పుడు సామ్యుయేల్ మికోవీని అనే ఇంజనీరు, మాతేయ్ కోర్నెల్ హెల్, ఆయన కొడుకు యోజెఫ్ కరోల్ హెల్ కలిసి తీసిన ఉపాయం ఏమిటంటే, నీళ్ళతోనే నీళ్ళు తోడించడం.

కొండల మీద నది లేదు. వానే దిక్కు. అందుకే కొండ వాలులన్నిటికీ అడ్డంగా సన్నటి కాలువలు తవ్వి, పడ్డ ప్రతి చినుకునూ పట్టి చెరువుల్లోకి మళ్ళించారు. ఒక చెరువు నిండితే ఇంకోదాంట్లోకి. మన గొలుసుకట్టు చెరువులే. కట్ట ఉంది, తూము ఉంది, మత్తడి ఉంది. రామప్ప చెరువు కట్ట మీద నిలబడ్డవాళ్ళకు ఆ కట్టలు చూస్తే వేరే పాఠం అక్కరలేదు. వాళ్ళు టాయ్‌ఖీ అంటారు వాటిని. దాదాపు 60 కట్టారు, ఇప్పుడు 24 మిగిలాయి. తేడా ఒకటే. మన కాకతీయుల చెరువు నీళ్ళు మడిలోకి పోతాయి, వాళ్ళ చెరువు నీళ్ళు యంత్రంలోకి పోతాయి.

యోజెఫ్ కరోల్ హెల్ 1749లో పెట్టిన యంత్రం బొమ్మ ముందు నేను అరగంట నిలబడ్డాను. ముప్పై నాలుగేండ్లు తొమ్మిదో తరగతికి ద్రవపీడనం చెప్పినదాన్ని. పది మీటర్ల ఎత్తు నీళ్ళు నిలబడితే అడుగున దాదాపు ఒక వాతావరణ పీడనమంత ఒత్తిడి ఉంటుందని ఏటా బోర్డు మీద రాసేదాన్ని. ఆయన చేసింది సరిగ్గా అదే. కొండ మీది చెరువు నుంచి గొట్టంలో నీళ్ళను గనిలోకి దించాడు. అంత ఎత్తు నుంచి దిగిన నీటి ఒత్తిడి ఒక ముషలకాన్ని (పిస్టన్‌ను) తోస్తుంది, ఆ ముషలకం పంపును ఆడిస్తుంది, పంపు అడుగున ఊరిన నీటిని పైకి ఎత్తుతుంది. రెండు నీళ్ళూ కలిసి మధ్యలో ఉన్న వాలు సొరంగం గుండా బయటికి పోతాయి. బొగ్గు కాల్చలేదు, గుర్రం తిరగలేదు. ఇది నాకు సర్వీసులో ఉండగా తెలిసి ఉంటే ఎంత బాగుండేది. ద్రవపీడనానికి హెచ్.రో.జి. అని సూత్రం బట్టీ పట్టిన పిల్లలకు ఈ చెరువు బొమ్మ గీసి చూపించేదాన్ని.

సాయంత్రం క్లింగర్ అనే చెరువుకు నడిచాం. చుట్టూ సరుగుడు లాంటి పొడవాటి చెట్లు, నల్లటి నీళ్ళు. సెప్టెంబరు చలిలో ఒక పెద్దావిడ ఈత కొట్టి వచ్చి, తుడుచుకుని, డబ్బాలో తెచ్చుకున్న రొట్టె తింటోంది. పిల్లలు కట్ట మీద పరుగెత్తుతున్నారు. గని ఆగిపోయినా చెరువు ఆగలేదు. కొన్నింట్లో ఈత, రోజ్‌గ్రుండ్ లాంటిది తాగునీటికి. ఆ రోజ్‌గ్రుండ్ కట్టకు 280 ఏండ్లు దాటాయి. 1993లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కోటలు, చర్చిలు మాత్రమే చేర్చలేదు, చుట్టూ ఉన్న గని కట్టడాలను, ఈ చెరువులను కూడా కలిపి చేర్చింది. 2021లో మన రామప్ప గుడికి ఆ గుర్తింపు వచ్చినప్పుడు నేను పాలంపేట వెళ్ళి దండం పెట్టుకుని వచ్చాను. ఆ గుడితోపాటు కట్టిన చెరువుకూ అంత గౌరవం దక్కాలని నా మనసులో ఉంది.

ఊరి చదువు గురించి టీచరుగా రెండు మాటలు. 1735లోనే మికోవీని ఇక్కడ గని బడి నడిపాడు. 1762లో రాణి మరియా థెరీసా ఏలుబడిలో దాన్ని గనుల అకాడమీగా పెంచాలని నిర్ణయించారు. రసాయనశాస్త్రంలో విద్యార్థి తన చేతులతో ప్రయోగం చేయడం అక్కడి పద్ధతి. 1794లో పారిస్‌లో కొత్త సాంకేతిక విద్యాలయం పెట్టేటప్పుడు ఈ ఊరి ప్రయోగశాలనే ఆదర్శంగా చూపారు. నేను పనిచేసిన ఒక బడిలో ప్రయోగశాల బీరువా తాళంచెవి కోసం రెండేండ్లు తిరిగాను. చివరికి నా డబ్బుతో పరీక్షనాళికలు కొని పిల్లల చేతికి ఇచ్చాను. ఆ రోజు వాళ్ళ మొహాలు నాకింకా గుర్తు. అందుకే ఆ అకాడమీ గుమ్మం ముందు ఫోటో దిగాను. అకాడమీ ఇప్పుడు అక్కడ లేదు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక, ఊరు చెకోస్లోవాకియాలోకి వచ్చినప్పుడు, 1919లో హంగరీలోని షోప్రోన్‌కు తరలిపోయింది.

ఊరు చిక్కిపోవడం అప్పటికే మొదలైంది. 1990లలో గనులు కూడా ఆగిపోయాయి.

మేం దిగిన ఇంటి యజమానురాలికి డెబ్బై ఎనిమిది. భర్త గనిలో పనిచేసి పోయాడు. మా వాడి అరకొర స్లోవాక్‌తో రాత్రి భోజనం దగ్గర మాట్లాడుకున్నాం. ఆలుగడ్డ పిండి ముద్దలు ఉడికించి, గొర్రెపాల జున్ను కలిపి పెట్టింది, హలుష్కి అంటారు. పుల్లగా, వేడిగా బాగుంది. గనులు ఆగిన తర్వాత వీధిలో సగం ఇండ్లకు కిటికీ అద్దాలు కూడా లేకపోయాయని చెప్పింది. పిల్లలు బ్రాతిస్లావా పోయారు. మళ్ళీ కొన్నేండ్లకు బొమ్మలు వేసేవాళ్ళు, సంగీతం వాళ్ళు వచ్చి ఆ ఇండ్లు కొని బాగుచేసుకున్నారు. ఊరి పక్క కొండ మీద 1751లో పూర్తయిన, యేసు సిలువ కథను చూపే కల్వరీ గుడులున్నాయి. అవి కూలిపోయే స్థితికి వస్తే ఊరివాళ్ళు, బయటి నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు ఏండ్ల తరబడి పనిచేసి నిలబెట్టుకున్నారు. ఊరికి వచ్చే రైలుమార్గం కూడా అట్లాంటిదే. 1949లో తెరిచిన ఆ లైను యువకుల శ్రమదానంతో వేసింది, పేరే యువత లైను.

ఇదంతా చెప్పి ఆమె నన్ను ఒకటే ప్రశ్న అడిగింది. "మీ నాన్న ఇంటికొచ్చినప్పుడు ఏం వాసన వచ్చేవాడు?"

అరవై ఏండ్లు దాటిన నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. కొద్దిసేపు మాట రాలేదు. పేలిన మందు వాసన అన్నాను. బొగ్గు, చెమట, తల మీద టోపీ లైటు పట్టీ తోలు వాసన. ఆమె తలూపింది. మా ఆయన తడిసిన కట్టె వాసన వచ్చేవాడు, ఆదివారం స్నానం చేసినా పోయేది కాదు అంది. మా వాడు ఇద్దరి మాటలూ అటూ ఇటూ చెబుతూ చెబుతూ ఊరుకున్నాడు. తాత వాసన గురించి వాడికి తెలియదు.

సెప్టెంబరులో వాళ్ళకు గని పనివాళ్ళ పండుగ. పేరు సాలమాండర్, ఆ కథలోని బల్లి పేరు. చీకటిపడ్డాక ఊరేగింపు. ముందు గొర్లకాపరి వేషం, చేతిలో బల్లి బొమ్మ. వెనక నల్ల కోట్లు, బంగారు రంగు గుండీలతో గని పనివాళ్ళు, అకాడమీ రోజుల విద్యార్థుల వేషాలు. తిన్నగా నడవరు, వీధికి అటూ ఇటూ ఊగుతూ బల్లి పాకినట్టు పోతారు. పక్కన నిలబడ్డ జనం జ్దార్ బోహ్ అని అరుస్తారు, వాళ్ళు బదులు పలుకుతారు. మా యజమానురాలు కూడా వీధిలో నిలబడి అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని నేననుకోలేదు.

బతుకమ్మకు ముందే ఇంటికి చేరాను. పండుగయ్యాక ఒక రోజు కాజీపేటలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెల్లంపల్లి పోయివచ్చాను. చాలా బాయిలు ఎప్పుడో మూతపడ్డాయి. మేమున్న క్వార్టర్ల వరుసలో కొన్ని ఇండ్లే ఉన్నాయి, మా ఇల్లున్న చోట సర్కారు తుమ్మ పెరిగింది. వేపచెట్టు మాత్రం ఉంది. బస్టాండు దగ్గర పదో తరగతి పిల్లలను అడిగాను, కేజీ అంటే ఏందో తెలుసా అని. పిల్లల బడి అనుకున్నారు. కేజీ అంటే బాయిలోకి మనుషులను దించే ఇనుప బోను, వాళ్ళ తాతలందరూ దాంట్లో నిలబడి పాతాళానికి దిగినవాళ్ళే. బాయి మీద కేజీని దించే చక్రాలుండే ఒక్క హెడ్‌గేరు, ఒక్క ల్యాంప్‌రూము, నంబర్లు కొట్టిన ఇత్తడి బిళ్ళలు వేలాడదీసిన ఒక్క గోడ ఆ ఊర్లో ఉంచి పిల్లలకు చూపించాలని నా కోరిక. పొద్దున ఒక్కసారి సైరన్ కూడా మోగించాలి. నాకు చేతనైంది నేను మొదలుపెట్టాను. రెండు వందల పేజీల నోటుబుక్కు కొని బాపు నోటి మాటలు రాస్తున్నాను. తట్టా చెమ్మస్, మస్టరు, హాలేజీ, కప్పు, జాలీ. ఇప్పటికి నలభై పేజీలు అయ్యాయి.

వెండిఖని సంగతులు ఆయనకు ఒక్కరోజులో చెప్పలేదు, రోజుకు కొంత చెప్పాను. ఆయన ప్రశ్నలు వేరే తీరు.

"గ్యాసు ఉండెనా?"

"బొగ్గు గ్యాసు బెడద లేదు బాపూ, అది రాయి."

"మంచిగున్నది. మరి నీళ్ళు?"

హెల్ యంత్రం కాగితం మీద గీసి చూపించాను. ఆ బొమ్మను కండ్లకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "నీళ్ళతోటి నీళ్ళు తోడిన్రు. పంప్ ఖలాసీ నిద్రపోయినా నడుస్తది" అన్నాడు. కాస్పర్ వైండ్ల్ గురించి చెబితే మాత్రం నిటారుగా కూర్చున్నాడు. 1627 అని రెండుసార్లు అడిగాడు. "మందు పెట్టుడు పని కాదు బిడ్డా. పేలినంక ఆగుడే పని. పొగ పోయేదాక, కప్పు కుదుటపడేదాక. ఆగనోడే పోతడు" అన్నాడు. పోయినవాళ్ళ పేర్లు నాలుగు చెప్పాడు. నోటుబుక్కులో రాసుకున్నాను.

ఒక పొద్దున నాలుగున్నరకు ఆయనతో పాటే లేచాను. వాకిట్లో పక్కనే కూర్చుని ఫోనులో క్లోపాచ్కా చప్పుడు పెట్టాను. ఆయనకు కుడి చెవి వినబడదు, ఎడమ చెవికి ఆనించాను. టక్, టక్, టకటక్. అయిపోయింది. ఇంకోసారి పెట్టమన్నాడు. మూడోసారి కూడా విన్నాడు.

"గిది లేపుడు చప్పుడు" అన్నాడు. "దించుడు చప్పుడు వేరే ఉంటది."

కుర్చీ కోడు మీద వేలి కణుపులతో ఒక్కసారి కొట్టాడు. "కేజీ నడుస్తుంటే ఒకటి కొడితే ఆగాలె." రెండుసార్లు కొట్టాడు. "రెండు కొడితే కిందికి దించాలె." తర్వాత కొద్దిసేపు ఆగాడు. గల్లీలో ఎక్కడో కుక్క మొరిగింది. ఆయన మళ్ళీ చేయి ఎత్తి, ముందుకంటే మెల్లగా, ఒక్కొక్కటే మూడు దెబ్బలు కొట్టాడు.

"మూడు కొడితే, లోపట మనుషులున్నరు, పైలంగ గుంజుమని."